ఏఐ వచ్చాక గూగుల్‌లో వెతకడం మానేశారా?

ఏదైనా తెలుసుకోవాలంటే ఇప్పటికీ సెర్చ్‌లోనే వెతుకుతున్నారా, చాట్‌జీపీటీ లాంటివాటిని అడుగుతున్నారా, కొన్నాళ్లకు సెర్చ్ మూలన పడుతుందా అని ఒకరు అడిగారు. నా మటుకు నేను, అర్థం కాని విషయం ఎదురైతే ముందు ఏఐనే అడుగుతున్నాను. దీనికి కారణం వేగమని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. గూగుల్ ఏనాడూ నెమ్మదిగా లేదు. సెర్చ్‌లో ఏదైనా దొరకాలంటే దాని పేరు మనకు ముందే తెలిసి ఉండాలి, అదీ చిక్కు. పేరు తెలియకే కదా వెతుక్కునేది!

మా అమ్మ కుట్టు మిషన్ సంగతి చెబుతాను. ఆవిడ ఏళ్ల తరబడి కాలితో తొక్కే నల్ల మిషన్ మీదే కుట్టింది. మోకాళ్లు నొప్పులు పుడుతున్నాయని మోటారుతో నడిచే కొత్త మిషన్ కొన్నాం. వచ్చిన రోజు నుంచే గొడవ. బట్ట మీద కుట్టు బాగానే కనిపిస్తుంది, తిరగేసి చూస్తే అడుగున దారమంతా ముద్దగా గూడు కట్టి ఉంటుంది. నాలుగు కుట్లు పడగానే బట్ట ముందుకు కదలదు. అమ్మ కింది దారం ఉండే బాబిన్ మళ్లీ చుట్టింది, సూది మార్చింది, వేరే దారం వేసింది. ఏం చేసినా అంతే.

నేను సెర్చ్‌లో కింది దారం చిక్కు, బాబిన్ సమస్య అంటూ రకరకాలుగా కొట్టి చూశాను. వచ్చిన పేజీలన్నీ బాబిన్ గురించే. అడుగున చిక్కు పడుతుంటే ఎవరైనా కింది దారాన్నే అనుమానిస్తారు, అదే టైప్ చేస్తారు, సెర్చ్ అదే తెచ్చి ఇస్తుంది. విసుగొచ్చి, జరిగిందంతా ఎదుటి మనిషికి చెప్పినట్టు ఏఐకి రాసి పెట్టాను. పాత మిషన్ సంగతి కూడా కలిపి రాశాను. అది జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేసింది: పై దారం ఎక్కించేటప్పుడు బట్టను నొక్కి పట్టే ఫుట్ పైకి లేపి ఉంటోందా, కిందికి దించి ఉంటోందా?

అమ్మను అడిగాను. "దించే ఎక్కిస్తానురా. అయినా చిక్కు పడేది కింద కదా, పై దారంతో ఏం పని?" అంది.

సరిగ్గా అక్కడే ఉంది కిటుకు. పై దారాన్ని బిగువుగా పట్టుకోవడానికి మిషన్‌లో రెండు చిన్న బిళ్లలుంటాయి, టెన్షన్ డిస్కులంటారు. ఫుట్ లేపితే అవి విచ్చుకుంటాయి, దించితే మూసుకుంటాయి. మూసుకున్నాక ఎక్కించిన దారం వాటి మధ్య కూర్చోక పైపైనే జారిపోతుంది. బిగువు లేని పై దారమంతా బట్ట అడుగుకు చేరి గూడు కడుతుంది. పాత నల్ల మిషన్‌కు ఈ బిళ్లలు ముందువైపే కంటికి కనిపిస్తూ ఉంటాయి కాబట్టి అమ్మ వేలితో దారాన్ని వాటి మధ్యకు లాగేది. కొత్తదాంట్లో అవి ప్లాస్టిక్ డొప్ప లోపల ఉన్నాయి. దారం కూర్చుందో లేదో చూసే పద్ధతి కూడా ఏఐ చెప్పింది: ఫుట్ దించి సూది దగ్గర దారం లాగితే గట్టిగా రావాలి, సులువుగా వచ్చేస్తే కూర్చోనట్టు. అమ్మ ఫుట్ లేపి దారం ఎక్కించి, దించి, లాగి చూసింది. గట్టిగా వచ్చింది. ఆ పూటే రెండు దిండు గలీబులు కుట్టేసింది.

ఈ వివరం వెబ్‌లో లేక కాదు, బోలెడు చోట్ల ఉంది. కానీ టెన్షన్ డిస్క్ అనే మాట తెలిసినవాళ్లకే ఆ పేజీలు తగులుతాయి. ఒకవేళ తగిలినా, కుట్టు మిషన్ అంటే ఏమిటి, దాని చరిత్ర ఏమిటి, కుట్టుపని వల్ల లాభాలేమిటి అన్న పురాణమంతా దాటుకుని వెళ్లాలి. మధ్యలో కుకీలకు ఒప్పుకోమని ఒకటి, నోటిఫికేషన్లు కావాలా అని ఒకటి, మూసే గుర్తు కనబడని వీడియో యాడ్ ఒకటి. సెర్చ్‌లో పైకి రావడం కోసమే రాసిన ఇలాంటి పేజీలు జనాన్ని ఎప్పుడో తరిమేశాయి. అలా విసిగి వెళ్లిపోయినవాళ్లే ఏఐ దగ్గర చేరారు.

అలాగని ఏఐ చెప్పిందల్లా నమ్మను. అదే మిషన్‌కు నూనె ఎక్కడ వేయాలని అడిగితే, పై మూత దగ్గరున్న రంధ్రంలో ఒక చుక్క వేయమంది. ఆ మిషన్‌కు అసలు అలాంటి రంధ్రమే లేదు. మోడల్ నంబర్ కొట్టి సెర్చ్‌లో మాన్యువల్ తెరిస్తే, వాడేవాళ్లు నూనె వేయనక్కర్లేదని స్పష్టంగా రాసి ఉంది. తప్పు చెప్పేటప్పుడూ దానికి అదే ధీమా. ఏఐ ఇలా అంది అంటూ ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో సాక్ష్యంలా పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది అందుకే. ముఖ్యంగా మందుల విషయంలో.

ఇక సెర్చ్ మూలన పడుతుందా అంటే, పడదు. పేరు తెలిసిన సైటు, ఫారం, మాన్యువల్ కావాలంటే సెర్చ్ బాక్సే దగ్గర దారి. పైగా గూగులే 2024 మే నుంచి ఫలితాల పైన ఏఐ సారాంశం పెడుతోంది. 2025 మేలో యాపిల్ అధికారి ఎడ్డీ క్యూ అమెరికా కోర్టులో సాక్ష్యం చెబుతూ, తమ సఫారీ బ్రౌజర్‌లో సెర్చ్‌లు మొదటిసారి తగ్గాయన్నారు. మొత్తం మీద సెర్చ్‌లు పెరుగుతూనే ఉన్నాయని గూగుల్ జవాబిచ్చింది. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. వెతకడం ఉంటుంది, వెతికి పేజీ తెరవడమే పోతోంది.

నా అసలు బాధ కూడా అదే. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2025 మార్చిలో 900 మంది అమెరికన్ల బ్రౌజింగ్‌ను పరిశీలించింది. ఏఐ సారాంశం కనబడినప్పుడు 8 శాతం సార్లే కింది ఫలితాల్లో ఏదో ఒక లింకు నొక్కారు, సారాంశం లేనప్పుడు 15 శాతం. సారాంశంలో ఇచ్చిన లింకు నొక్కింది 1 శాతమే. ఫుట్ లేపి దారం ఎక్కించాలని ఎవరో కుట్టుపని తెలిసిన మనిషి ఎప్పుడో ఓపిగ్గా ఫొటోలు తీసి రాసి ఉంటారు. ఆ పేజీకి చదివేవాళ్లు రాకపోతే వచ్చే ఏడాది కొత్త మిషన్ గురించి వాళ్లెందుకు రాస్తారు? వాళ్లు రాయకపోతే ఏఐ ఎక్కడ చదివి చెబుతుంది? ఈ కంపెనీలు ఎక్కడి నుంచి తీసుకున్నాయో ఆ పేజీ పేరు జవాబు మొదట్లోనే పెద్ద అక్షరాల్లో చూపించాలి, సంపాదనలో రాసినవాళ్లకు వాటా ఇవ్వాలి. చట్టం చేసైనా ఇప్పించాలి. నేనైతే పని అయ్యాక లింకు అడిగి తీసుకుని ఆ పేజీ తెరుస్తున్నాను, బాగుంటే కింద రెండు ముక్కలు రాసి వస్తున్నాను.