షట్టర్ పోయిందని ముందే తేల్చేయకు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ నికాన్ డీ90 కెమెరా పెళ్లి మధ్యలో ‘ఎర్’ (ఎర్రర్) అని మెరుస్తోందని, కొన్ని ఫోటోల్లో ఒక పక్కన నల్లటి పట్టీ వస్తోందని, గుంటూరులో చూపిస్తే చేతిలోకి తీసుకోకుండానే షట్టర్ మార్చాలన్నారని రాశావు. పోయి ఉండొచ్చు. 2008లో వచ్చిన మోడల్, నీకంటే ముందు ఎంతమంది చేతులు మారిందో ఏమో. కానీ నువ్వు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. వాటిని కలిపి చూస్తున్నావు కాబట్టే నీకు టెన్షన్.

నల్లపట్టీ సంగతి ముందు చూద్దాం. అది ఫ్లాష్ వాడినప్పుడే వస్తోందా, ఎండలో మామూలుగా తీసినా వస్తోందా? ఈ ఒక్క ప్రశ్నతో సగం తేలిపోతుంది. షట్టర్ అంటే, వెలుగుని ఫోటోగా పట్టే సెన్సర్ ముందుండే తలుపు. అందులో రెండు కర్టెన్లు ఉంటాయి. ఒకటి తెరుచుకుంటే, రెండోది దాని వెనకే వచ్చి మూస్తుంది. డీ90లో వేగం 1/200 సెకను వరకు సెన్సర్ మొత్తం ఒక్క క్షణమైనా పూర్తిగా తెరిచి ఉంటుంది. వేగం అంతకు మించితే మొదటిది పూర్తిగా తెరవకముందే రెండోది బయలుదేరుతుంది. ఆ సమయంలో ఫ్లాష్ వెలిగితే మూసి ఉన్న భాగం నల్లగానే పడుతుంది. కెమెరా మీది సొంత ఫ్లాష్ అయితే వేగాన్ని కెమెరాయే కట్టడి చేస్తుంది. విడి ఫ్లాష్‌ని వెలిగించడానికి నువ్వు వాడే చవక ట్రిగ్గర్‌కి ‘వెలుగు’ అని చెప్పడం తప్ప ఇంకేమీ రాదు, అక్కడ ఫ్లాష్ ఉందన్న సంగతే కెమెరాకి తెలియదు. పట్టీ వచ్చిన ఫోటోల వివరాల్లో వేగం 1/250, 1/320 అని ఉంటే అది జబ్బే కాదు. 1/160కి దించి తీసుకో.

ఫ్లాష్ లేకుండా కూడా వస్తే అప్పుడు అనుమానించాలి. పొద్దున పూట నీడపట్టున, ఒకే రంగున్న గోడ చూసుకో. మాన్యువల్ మోడ్‌లో అపర్చర్ (లెన్స్‌లో వెలుగు దూరే కన్నం) 5.6 దగ్గర పెట్టి ఇక దాన్ని ముట్టుకోకు. ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ సున్నితత్వం) 200తో 1/250, 800తో 1/1000, 3200తో 1/4000 తియ్యి. ఫోటో మరీ తెల్లగానో నల్లగానో వస్తే అపర్చర్ ఒకసారి సరిచేసుకుని మూడూ మళ్లీ తియ్యి. మూడింట్లోనూ వెలుగు ఒకేలా ఉండాలి, గరుకు మాత్రం పెరుగుతుంది. 1/4000లో మాత్రమే ఒక అంచు చీకటి పడితే కర్టెన్లు సమంగా పరుగెత్తడం లేదని అర్థం. మూడింట్లోనూ మూలలు ఒకేలా నల్లబడితే అది లెన్స్ గుణం, షట్టర్‌ని తిట్టకు.

ఇక ‘ఎర్’. దీనికి ముందు బ్యాటరీని చూడు. ప్రతి క్లిక్‌కీ కెమెరా లోపలి అద్దం లేవాలి, దిగాలి, షట్టర్ మళ్లీ సిద్ధం కావాలి. ఆ పనికి మోటారు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. ముసలి బ్యాటరీ స్క్రీన్ మీద నిండుగా కనిపిస్తుంది గానీ లాగినప్పుడు కూలబడుతుంది. సెటప్ మెనూలో బ్యాటరీ సమాచారం తెరిస్తే దాని వయసు 0 నుంచి 4 వరకు చూపిస్తుంది. 4 ఉంటే ఇక దాన్ని నమ్మకు. ఎవరిదైనా మంచి బ్యాటరీ అరువు తెచ్చి వేసి చూడు.

అయినా ఎర్ వస్తే లెన్స్ తీసేసి, మాన్యువల్‌లోనే ఒక యాభై క్లిక్‌లు కొట్టు. అప్పుడు రాకపోతే తప్పు లెన్స్ వైపుది. దాని వెనక చిన్న లోహపు మీట ఉంటుంది, వేలితో మెల్లగా జరిపి వదిలితే లోపలి అపర్చర్ బ్లేడ్లు టక్కున మూసుకోవాలి. బద్ధకంగా కదిలితే వాటికి నూనె పట్టింది. మే నెల ఎండలో కారులో కెమెరా బ్యాగు వదిలేసే వాళ్లకి ఇది మామూలే.

లెన్స్ లేకుండా కూడా వస్తే తప్పు కెమెరా బాడీలోనే ఉంది. రెండు సెకన్ల ఎక్స్‌పోజర్ పెట్టి ముందునుంచి చూడు. అద్దం పూర్తిగా లేస్తోందా, సగంలో తడబడుతోందా? కర్టెన్ తెరుచుకుని సెన్సర్ మెరుపు కనబడుతోందా? టార్చి వేసి చూడు, కర్టెన్ బ్లేడ్లలో ఏదైనా వంగిందేమో. నువ్వు మిర్చి యార్డులో బస్తాల మధ్య లెన్స్ మార్చావని మీ అమ్మ చెప్పింది. ఆ ఘాటు దుమ్ము నీకే తుమ్ములు తెప్పిస్తుందే, కెమెరాని ఏం చేస్తుందో ఆలోచించు! రబ్బరు బ్లోయర్‌తో కెమెరాని తిరగేసి, అద్దం ఉన్న గదిలోకి కొట్టు. నోటితో ఊదకు, తుంపర పడుతుంది. డబ్బాలో వచ్చే గాలి అసలే వద్దు. అద్దాన్ని గుడ్డతో తుడవకు, దాని పూత పైభాగంలోనే ఉంటుంది, గీత పడితే పడినట్టే. కర్టెన్‌కి వేలు తగలనివ్వకు.

స్క్రూలు విప్పుతానని మాత్రం బయలుదేరకు. ఫ్లాష్ కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా నిలవ ఉంటుంది, బ్యాటరీ తీసేసినా చాలాసేపు పోదు.

లక్ష క్లిక్‌లు దాటాయి కాబట్టి పోయిందనే మాట కూడా పట్టించుకోకు. అది నికాన్ పరీక్షించి చెప్పిన లెక్క. రెండు లక్షలు కొట్టినవీ ఉన్నాయి, ముందే ఆగినవీ ఉన్నాయి. రిపేరుకి వెళ్తే షట్టర్ మార్చమని అడగకు. గోడ ఫోటోలు చూపించి, ఏ వేగంలో ఏమవుతోందో, లెన్స్ తీస్తే ఏమైందో చెప్పు. మారిస్తే పాత భాగం నీ చేతికివ్వమను. ఖర్చు సెకండ్ హ్యాండ్ ధరలో సగం దాటితే నేనైతే పెట్టను. ఎలాగూ వచ్చే ముహూర్తానికి దాన్ని ఒంటరిగా నమ్ముకుని వెళ్లకు, స్నేహితుడి బాడీ ఒకటి బ్యాగులో ఉండనీ.

ఆ మూడు గోడ ఫోటోలూ నాకు పంపు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గి, లోపలి వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపు. గవర్నర్‌పేటలో నాకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు, ఎర్ లెన్స్ లేకుండా కూడా వస్తుంటే ఆదివారం కాకుండా ఏ రోజైనా బస్సెక్కి విజయవాడ వచ్చెయ్.

మీ మావయ్య