శ్రుతి చేసుకుంటుంటేనే చప్పట్లు

రాక్ సంగీత చరిత్రలో మీరు మరిచిపోలేని క్షణం ఏది అని అడిగారు. నా జవాబు 1971 ఆగస్టు 1, న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన ‘కన్సర్ట్ ఫర్ బంగ్లాదేశ్’ కచేరీ. అప్పటికి అక్కడ రాక్ పాట ఒక్కటీ మొదలు కాలేదు.

1970 నవంబరులో భోలా తుఫాను తూర్పు పాకిస్తాన్‌ను, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌ను, ముంచేసింది. మరుసటి ఏడాది యుద్ధం. లక్షల మంది శరణార్థులు మన దేశానికి వచ్చారు. సితార్ విద్వాంసుడు పండిట్ రవిశంకర్ పూర్వీకులది కూడా ఆ తూర్పు బెంగాలే. ఆయన తన శిష్యుడు, బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్‌ని సాయం అడిగారు. హారిసన్ కొద్ది వారాల్లోనే రాక్ తారలు రింగో స్టార్, ఎరిక్ క్లాప్టన్, లియాన్ రసెల్, చివరికి బాబ్ డిలాన్‌ని కూడా ఒకే వేదిక మీదికి తెచ్చాడు. ఆ రోజు జరిగిన రెండు కచేరీలకు కలిపి సుమారు 40,000 మంది వచ్చారు.

మొదట వాయించింది మాత్రం మనవాళ్ళు. రవిశంకర్ సితార్, ఆయన గురువుగారి అబ్బాయి అలీ అక్బర్ ఖాన్ సరోద్, అల్లా రఖా తబలా, కమలా చక్రవర్తి తంబురా. మా సంగీతం కాస్త మనసు పెట్టి వినాల్సింది, వాయిస్తున్నంతసేపు సిగరెట్లు కాల్చకండి అని రవిశంకర్ ముందే కోరారు. తర్వాత వాద్యాలు శ్రుతి చేసుకున్నారు. అది అవ్వగానే హాలంతా చప్పట్లు! శ్రుతి చేసుకోవడమే ఇంత నచ్చితే, వాయించేది ఇంకా బాగా నచ్చుతుందని ఆశిస్తున్నానని ఆయన నవ్వుతూ అన్నారు.

ఈ సంగతి చెప్పి అమెరికా వాళ్ళకి ఏమీ తెలియదని నవ్వేవాళ్ళు చాలామంది. నాకు అలా నవ్వాలనిపించదు. నేను వయొలిన్ నేర్చుకున్నదాన్ని. మన సభల్లో మృదంగం ఆయన రాయితో తట్టి శ్రుతి సరిచేసుకుంటుంటే జనం కాఫీకి లేస్తారు, ఫోన్లు తీస్తారు. అక్కడి వాళ్ళు ఆ కాసేపూ చెవులు రిక్కించి విన్నారు. పైగా సితార్‌కి మీటే తీగల కింద రాగానికి తగ్గట్టు శ్రుతి చేసే తరఫ్ తీగలు డజను దాకా ఉంటాయి. వాటిని వరసగా మీటి చూసుకుంటే రాగం నీడ కనబడుతుంది. సరోద్‌కీ అలాంటి తీగలే. కొత్తగా వినేవాళ్ళకి అది సంగీతంలా అనిపించడంలో వింతేముంది? అది సంగీతమే.

ఆ తర్వాత వాళ్ళు వాయించిన ‘బంగ్లా ధున్’ అనే రచన రికార్డులో దాదాపు 17 నిమిషాలు. చివర్లో సితార్, సరోద్ ఒకదానికొకటి జవాబిచ్చుకుంటూ పరుగెత్తుతుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. డిలాన్ పాడినవీ ఇష్టమే, కానీ అవి రెండోసారి వినేటప్పుడు.

టికెట్ల మీద వచ్చిన 2,43,418 డాలర్లు యునిసెఫ్‌కి వెళ్ళాయి. ముందుగా ఛారిటీగా నమోదు చేయకపోవడంతో, ఈ కచేరీ మీద వచ్చిన ఆల్బమ్, సినిమా డబ్బు మాత్రం ఏళ్ళ తరబడి పన్నుల గొడవలో ఇరుక్కుంది. అదొక్కటే నాకు బాధ. మూడు ఎల్పీల ఆ ఆల్బమ్‌కి 1973లో గ్రామీ వచ్చింది. మీరు వింటే మొదటి ట్రాక్ దాటేయకండి. చప్పట్లు అందులోనే ఉన్నాయి.