తుంగ పోవట్లేదంటే నీళ్ల సంగతి చూడండి

బెండ మడిలో ఎంత పీకినా తుంగ వస్తోంది, ఆకులు పసుపెక్కుతున్నాయని యూరియా వేస్తున్నాం, గట్టు మీద గంగవాయిలి కూడా మొలిచింది అన్నారు కదండీ. ముందు యూరియా ఆపండి. తుంగ ఎక్కడైనా బతుకుతుంది గానీ, ఇంత దట్టంగా కమ్మేసిందంటే నేలలో తడి ఆరట్లేదేమోనని అనుమానించాలి. అడుగు లోతు గుంత తవ్వి నీళ్లు నింపండి. ఇంకాక మళ్లీ నింపండి. నాలుగైదు గంటలైనా నిలిచే ఉంటే వేళ్లకు గాలి ఆడట్లేదన్నమాట. మడిని జానెడు ఎత్తు లేపి, మాగిన పశువుల ఎరువు కలపండి. తుంగను పైపైన పీకొద్దు, కింద గొలుసులా ఉన్న నల్లటి గడ్డల్ని తవ్వి ఏరేయాలి. ఒక్కటి మిగిలినా మళ్లీ మొదటికే!

ఆకులో ఈనెలు మాత్రమే పసుపైతే అది పల్లాకు తెగులు, తెల్లదోమ పని. గట్టు మీది గంగవాయిలి అంటారా, పప్పులో వేసేయండి.