సైకాలజీ పీజీలో మొదటి ఏడాది: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సైకాలజీ పీజీలో కొత్తగా చేరినవాళ్లవే. ఒకే సందేహాన్ని చాలామంది అడిగినచోట అన్నిటినీ కలిపి ఒకే ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్రశ్న: డిగ్రీలో పాఠ్యపుస్తకం చదివితే సరిపోయేది. ఇక్కడ వారానికి ఎనిమిది రీసెర్చ్ పేపర్లు చదివి రమ్మంటున్నారు. ఒక్కోదానికి మూడు గంటలు పడుతోంది. అంత చదివినా క్లాసులో అడిగితే నోరు పెగలడం లేదు. ఎక్కడ పొరపాటు జరుగుతోంది?

జవాబు: మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా వరసపెట్టి చదువుతున్నట్టున్నారు. పేపరును అలా చదివితే సగంలోనే అలసిపోతారు. ముందు సారాంశం చదవండి. తర్వాత నేరుగా ఉపోద్ఘాతంలోని చివరి పేరాకు వెళ్లండి. పరిశోధకులు ఏం తేల్చుకోవాలనుకున్నారో సాధారణంగా అక్కడే ఉంటుంది. ఆ తర్వాత పట్టికలు, గ్రాఫులు చూసి, చర్చ భాగంలో మొదటి పేరా చదవండి. ఇదంతా ఇరవై నిమిషాల పని. ఇప్పుడు పేపరు మూసేసి నాలుగు సంగతులు మీ మాటల్లో రాయండి: అడిగిన ప్రశ్న ఏమిటి, ఎవరి మీద ఎలా చేశారు, ఏం తేలింది, నాకు నమ్మకం కలగనిది ఏమిటి.

నాలుగోదానికి జవాబు దొరికేది పద్ధతుల భాగంలో. కొత్త విద్యార్థులు ఎక్కువగా దాటేసేది కూడా దాన్నే. ఎంతమంది పాల్గొన్నారు, వాళ్లెవరు, ఎవరిని లెక్కలోంచి తీసేశారు, ఎందుకు తీసేశారు అన్నవి చూడండి. సారాంశంలో ‘ఒత్తిడి తగ్గింది’ అని ఉంటే, దాన్ని ప్రశ్నావళితో కొలిచారా, లాలాజలంలోని ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్‌తో కొలిచారా అన్నది ఇక్కడే తెలుస్తుంది. ఆ రెండూ ఒకే సంగతి చెప్పవు. క్లాసులో మాట్లాడటానికి కావలసిన సరుకు ఇదే.

పేపరు మూసి రాయమన్నది ఊరికే కాదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే సైకాలజిస్టులు చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. రెండు రోజుల తర్వాత, వారం తర్వాత పెట్టిన పరీక్షల్లో మాత్రం, పాఠం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లదే పైచేయి. మళ్లీ చదివినప్పుడు ‘ఇది నాకు తెలుసు’ అనిపిస్తుంది, ఆ అనిపించడమే మోసం చేస్తుంది.

ఎనిమిదింటినీ ఒకేలా చదవాల్సిన పని కూడా లేదు. చర్చకు వచ్చే రెండు మూడింటిని క్షుణ్ణంగా చదివి, మిగతావాటికి పైన చెప్పిన ఇరవై నిమిషాలు ఇవ్వండి. ఏవి ముఖ్యమో తెలియకపోతే లెక్చరర్‌ను అడగండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. చదివిన ప్రతి పేపరునూ అదే రోజు జొటెరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి, మీ నాలుగు సంగతులూ అక్కడే నోట్‌గా పెట్టండి. డిసర్టేషన్ (పీజీలో మీరు చేసి రాసి ఇవ్వాల్సిన పరిశోధన) చివర్లో రిఫరెన్సుల కోసం వెతుకులాట తప్పుతుంది.

ప్రశ్న: లెక్కలు స్కూలుతోనే వదిలేశాను. మనుషుల గురించి చదువుకుందామని వస్తే స్టాటిస్టిక్స్ మీద పడింది. దీన్ని గట్టెక్కేదెలా?

జవాబు: కూడికలు, తీసివేతలు కంప్యూటర్ చేస్తుంది. మీరు నేర్చుకోవాల్సింది ఎప్పుడు ఏ స్టాటిస్టికల్ పరీక్ష వాడాలన్నది. దానికి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఫలితం స్కోరు రూపంలో ఉందా, వర్గాల రూపంలో ఉందా? ఎన్ని గుంపులున్నాయి? కొలిచింది వేర్వేరు మనుషులనా, ఒకరినే రెండుసార్లా? స్కోరు ఉండి, రెండు వేర్వేరు గుంపులైతే ఇండిపెండెంట్ టి టెస్ట్. అదే మనుషులను ముందూ తర్వాతా కొలిస్తే పెయిర్డ్ టి టెస్ట్. మూడు గుంపులు, అంతకన్నా ఎక్కువైతే అనోవా. రెండు స్కోర్ల మధ్య సంబంధం కావాలంటే కోరిలేషన్. రెండూ వర్గాలే అయితే కై స్క్వేర్. ఇది చేతికి వస్తే మొదటి ఏడాది బరువు చాలా వరకు దిగినట్టే.

పి విలువ దగ్గర మాత్రం నిదానించండి. పి విలువ 0.03 వచ్చిందంటే ‘మన ఊహ తప్పయ్యే అవకాశం 3 శాతం’ అని రాసేస్తుంటారు. అది తప్పు. నిజానికి తేడా ఏమీ లేకపోయినా, శాంపిల్‌లో ఇంత తేడా గానీ ఇంతకన్నా పెద్ద తేడా గానీ కనిపించే అవకాశం 3 శాతం అని దాని అర్థం. తేడా ఎంత పెద్దదో అది చెప్పదు. అందుకు ఎఫెక్ట్ సైజ్ చూడాలి. కోహెన్ డి కొలతలో 0.2ను చిన్నదిగా, 0.5ను మధ్యస్థంగా, 0.8ను పెద్దదిగా చెప్పుకోవడం వాడుక.

శాంపిల్ ఎంత ఉండాలన్నది దీని మీదే ఆధారపడుతుంది. రెండు గుంపుల మధ్య నిజంగా ఉన్న తేడాను పట్టుకునే అవకాశం 80 శాతం కావాలంటే (పి హద్దు 0.05 అనుకుని), మధ్యస్థమైన తేడాకు గుంపుకు 64 మంది అవసరం. పెద్ద తేడాకు 26 మంది సరిపోతారు. చిన్న తేడాకైతే గుంపుకు దాదాపు 400 మంది కావాలి. ‘తలా ముప్పై మందిని తీసుకుంటే చాలు’ అన్న మాట హాస్టళ్లలో బాగా తిరుగుతుంటుంది. దాన్ని నమ్మి చేసిన డిసర్టేషన్లలో చాలావాటికి ఏమీ తేలకపోవడానికి కారణం ఇదే. జీపవర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ లెక్క పది నిమిషాల్లో వచ్చేస్తుంది. డేటా తీసుకోకముందే వేసుకోండి.

ఏమీ తేలనప్పుడు జరిగేది ఇంకా ప్రమాదకరం. ఆడవాళ్లను విడిగా చూద్దాం, ఈ ఇద్దరినీ తీసేద్దాం, ఇంకో స్కేలుతో (కొలిచే ప్రశ్నావళితో) ప్రయత్నిద్దాం అంటూ తిప్పుతూ పోతే ఎక్కడో ఒకచోట పి విలువ 0.05 కన్నా తక్కువ వచ్చేస్తుంది. అది కనుగొన్నది కాదు, కాకతాళీయంగా తగిలింది. 2015లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పెద్ద ప్రయత్నంలో 100 సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసి చూశారు. అసలు పేపర్లలో 97 శాతం సిగ్నిఫికెంట్ (పి విలువ 0.05 కన్నా తక్కువ ఉన్న) ఫలితాలు చూపగా, మళ్లీ చేసినప్పుడు 36 శాతంలోనే అలా వచ్చాయి. అందుకే ఏ ఊహను ఏ పరీక్షతో చూస్తారో డేటా రాకముందే రాసిపెట్టి నమోదు చేసే పద్ధతి వ్యాపించింది. మీ డిసర్టేషన్‌కు ఎవరూ అడగకపోయినా ఒక పేజీ రాసి, తేదీ వేసి గైడ్‌కు పంపండి. ఏమీ తేలలేదని రాసిన నిజాయితీ గల డిసర్టేషన్, తిప్పి తిప్పి తెచ్చిన ఫలితం కన్నా వెయ్యి రెట్లు నయం.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే జాస్ప్, జమోవి ఉచితం. మెనూలు నొక్కుతూ పని చేసుకోవచ్చు, మొదటి సెమిస్టర్‌కు అవి చాలు. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే రెండో సెమిస్టర్ నుంచి ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టండి. ఏది వాడినా రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి, రివర్స్ ప్రశ్నలు. 1 నుంచి 5 దాకా ఉన్న స్కేలులో వ్యతిరేకంగా అడిగిన ప్రశ్నకు 6లోంచి వచ్చిన స్కోరు తీసేయాలి. మరిచిపోతే క్రాన్‌బాక్ ఆల్ఫా (స్కేలులోని ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే సంఖ్య) పడిపోతుంది, ఒక్కోసారి మైనస్‌లోకి కూడా వెళుతుంది. రెండు, జవాబివ్వని ప్రశ్నలకు 99 అని వేసి ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కు చెప్పకపోవడం. అది 99ని స్కోరుగానే లెక్కేసి సగటును పాడు చేస్తుంది.

ప్రశ్న: ‘సోషల్ మీడియా, యువత మానసిక ఆరోగ్యం’ మీద డిసర్టేషన్ అనుకున్నాను. గైడ్ నాలుగు వారాలుగా మెయిల్‌కు జవాబివ్వడం లేదు. ఈలోగా డేటా తీసుకోవడం మొదలుపెట్టనా?

జవాబు: వద్దు. పరిశోధనలో పాల్గొనేవాళ్లకు హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు తీసుకున్న డేటాకు తర్వాత అనుమతి తెచ్చుకోవడం కుదరదు. పడిన కష్టమంతా వృథా అవుతుంది.

మీ అంశం ఒక డిసర్టేషన్‌కు పట్టేది కాదు. ఒక గుంపు, ఒక కారణం, ఒక ఫలితం అన్నంత చిన్నది చేయండి. ఉదాహరణకు: ‘హాస్టల్లో ఉండే మొదటి ఏడాది విద్యార్థుల్లో, పడుకునే ముందు గంటలో ఫోన్ వాడకానికీ నిద్ర నాణ్యతకూ సంబంధం’. ఇలా చేస్తే ఏ స్కేలు వాడాలో, ఎవరిని అడగాలో వాటంతట అవే తేలతాయి.

గైడ్‌కు రాసేటప్పుడు పెద్ద మెయిల్ వద్దు. ఒక మెయిల్‌లో ఒకే ప్రశ్న అడిగి, రెండు దారులు చూపించి, మీరు దేనివైపు మొగ్గుతున్నారో చెప్పండి. ‘ఈ రెండు స్కేళ్లలో మొదటిది తీసుకుందామనుకుంటున్నాను, శుక్రవారంలోగా మీ అభిప్రాయం చెప్పగలరా?’ అని అడిగితే ఫోన్‌లోనే ఒక్క మాటలో జవాబిచ్చేయవచ్చు. ‘నా సినాప్సిస్ చూడండి సార్’ అని రాస్తే అది పక్కన పడిపోతుంది. అప్పటికీ జవాబు లేకపోతే స్వయంగా వెళ్లి పావుగంట సమయం అడగండి. కలిసి వచ్చాక, ఏం అనుకున్నారో ఐదు వాక్యాల్లో రాసి అదే రోజు పంపండి.

ఎథిక్స్ దరఖాస్తు ఎక్కువగా ఆగిపోయేది మూడింటి దగ్గర: స్కేలు వాడుకునేందుకు హక్కుదారు అనుమతి లేకపోవడం, మధ్యలో మానేయవచ్చన్న మాట కన్సెంట్ ఫారంలో లేకపోవడం, బాధ కలిగించే ప్రశ్నలకు ఏ సాయం అందిస్తారో రాయకపోవడం. స్కేలును వేరే భాషలోకి మార్చుకుంటే ఒకరు అనువదించాలి. అసలు స్కేలు చూడని ఇంకొకరు దాన్ని తిరిగి మూలభాషలోకి మార్చాలి. తర్వాత కొద్దిమందిపై పరీక్షించి చూడాలి. దీనికే నెల పడుతుంది.

ప్రశ్న: ఏ రుగ్మత గురించి చదివినా అది నాకే ఉన్నట్టు అనిపిస్తోంది. నిద్ర కూడా పట్టడం లేదు.

జవాబు: వైద్య విద్యార్థుల్లో ఈ భయాన్ని ఎప్పటినుంచో గమనిస్తున్నారు. సైకాలజీలో ఇంకాస్త సులువుగా పట్టుకుంటుంది. ఎందుకంటే ఇక్కడి లక్షణాలన్నీ ఎంతో కొంత అందరికీ అనుభవమే. చదివేటప్పుడు లక్షణాల జాబితా దగ్గర ఆగకండి. దాని చుట్టూ ఉన్న షరతులు చదవండి. మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికన్ గ్రంథం డీఎస్ఎం-5 ప్రకారం డిప్రెషన్‌కు తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు, రెండు వారాల పాటు, దాదాపు ప్రతిరోజూ ఉండాలి. వాటిలో దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ తప్పనిసరి. పైగా రోజువారీ జీవితం దెబ్బతినాలి, లేదా తీవ్రమైన బాధ ఉండాలి. జనరలైజ్డ్ యాంగ్జైటీకి (ఎడతెగని ఆందోళన రుగ్మతకు) ఆరు నెలల కాలపరిమితి ఉంది.

అయితే మీరు నిద్ర పట్టడం లేదని రాశారు. అది రెండు వారాలు దాటితే, లేదా క్లాసులు ఎగ్గొట్టేదాకా వస్తే, మీకు మీరే నిర్ధారణ చేసుకోకుండా కౌన్సెలర్ దగ్గరకు గానీ డాక్టర్ దగ్గరకు గానీ వెళ్లండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలూ ఆగవద్దు, అదే రోజు వెళ్లండి. కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లు మంచి సైకాలజిస్టులు కాలేరన్న అపోహ ఇంకా ఉంది. దాన్ని దగ్గరికి రానివ్వకండి.

ప్రశ్న: ‘నువ్వు సైకాలజీ కదా, మా అబ్బాయికి ఏమైందో చూడు’ అని బంధువులు అడుగుతున్నారు. ఏమనాలి?

జవాబు: వినండి, కానీ పేరు పెట్టకండి. దగ్గరివాళ్లకు చికిత్స చేయకూడదన్నది వృత్తి నియమం. రేపు మీరు చెప్పింది తప్పైతే బంధుత్వమూ పోతుంది, వాళ్లకు అందాల్సిన సాయమూ ఆలస్యమవుతుంది. ‘పిన్నీ, నేను ఇంకా చదువుకుంటున్నాను, చెప్పే అర్హత నాకు లేదు. ఎవరి దగ్గరకు వెళ్లాలో కనుక్కుని చెబుతాను’ అనండి. ఆ మాట నిలబెట్టుకోండి కూడా.

ప్రశ్న: వచ్చే నెల నుంచి ప్రాక్టికమ్ (పర్యవేక్షణలో క్లయింట్లతో చేసే శిక్షణ). మొదటిసారి క్లయింట్ ఎదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో తోచదేమోనని భయం.

జవాబు: మొదట ఏం మాట్లాడాలన్నది నిజానికి తేలిక, ఎందుకంటే చెప్పి తీరాల్సినవి ఉన్నాయి. మీరు శిక్షణలో ఉన్నారని, మీ పనిని సూపర్‌వైజర్ చూస్తారని, ఎంతసేపు మాట్లాడతారో చెప్పండి. చెప్పినవి రహస్యంగా ఉంటాయని, ఎక్కడ ఉండవో కూడా చెప్పండి: తనకు గానీ ఇతరులకు గానీ ప్రాణహాని ఉన్నప్పుడు, పిల్లలపై హింస జరుగుతున్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు. వివరాలు చట్టాన్ని బట్టి మారతాయి కాబట్టి మీ సంస్థ రాతపూర్వక నియమాలు ముందే చదువుకోండి. తర్వాత ‘ఇప్పుడు రావాలని ఎందుకు అనిపించింది?’ అని అడిగి ఆగండి. కొత్తవాళ్లు మౌనాన్ని భరించలేక వెంటనే సలహా ఇచ్చేస్తారు. అవతలివాళ్లు మాటలు కూడదీసుకుంటున్న సమయం అది, దాన్ని వాళ్లకే వదలండి.

చనిపోవాలనే ఆలోచన ఉందేమోనని అనుమానం వస్తే సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. ఉందని చెబితే, క్లయింట్ గది దాటకముందే సూపర్‌వైజర్‌ను కలవండి.

కేస్ రికార్డు అదే రోజు రాయండి. ‘చిరాగ్గా ఉన్నాడు’ అన్నది మీ వ్యాఖ్యానం. ‘నాలుగైదుసార్లు గడియారం చూశాడు, ఒక్క మాటలో జవాబులిచ్చాడు’ అన్నది మీరు చూసింది. రెండూ రాయవచ్చు, కానీ విడివిడిగా.

ప్రశ్న: క్లాసులో అందరూ నాకన్నా తెలివైనవాళ్లే. పొరపాటున సీటు ఇచ్చారేమో అనిపిస్తోంది.

జవాబు: 1978లో క్లాన్స్, ఐమ్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ‘ఇంపోస్టర్’ అనుభవంగా వర్ణించింది దీన్నే. చదువులో బాగా రాణించిన మహిళలను గమనించి రాసిన పేపరు అది. క్లాసులో మీకు కనిపించేది ఇతరులు మాట్లాడిన మాటలే, వాళ్లకు అర్థం కానివి మీకు వినిపించవు. ముగ్గురు నలుగురు కలిసి వారానికోసారి కూర్చుని, ఒక్కొక్కరూ తమకు అర్థం కాని ఒక పేరాను మాత్రమే తేవాలని నియమం పెట్టుకోండి. ఎవరికి ఎంత తెలుసో నెలలోపే తెలిసిపోతుంది.

ప్రశ్న: డిసర్టేషన్ డేటాను ఎక్కడ దాచుకోవాలి?

జవాబు: మొత్తం మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, అందులో ఒకటి వేరే చోట. పేర్లున్న కన్సెంట్ ఫారాలు ఒకచోట, నంబర్లు మాత్రమే ఉన్న జవాబులు ఇంకోచోట ఉండాలి. సొంత క్లౌడ్ ఖాతాలో పెట్టేముందు ఎథిక్స్ అనుమతిలో దానికి చోటుందో లేదో చూడండి. మొదట వచ్చిన ఫైలును ముట్టుకోకుండా పక్కన పెట్టి, దాని కాపీలోనే మార్పులు చేయండి. ఫైలు పేరు ముందు సంవత్సరం, నెల, తేదీ వేయండి. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’ అని పేర్లు పెడితే ఏది ఏదో మీకే తెలియకుండా పోతుంది.