ఫైవ్‌స్టార్ హోటల్ గదిలా మా ఫ్లాట్‌లో బెడ్‌రూమ్ చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. కానీ మీరు ప్రశ్న కింద ఇటాలియన్ మార్బుల్, మంచం వెనక గోడంతా వెనీర్ (పల్చటి చెక్క పొర), గాజు గోడల బాత్‌రూమ్ అని లిస్టు రాశారు చూడండి, ఆ మూడూ పక్కన పెట్టేయండి. ముఖ్యంగా ఆ గాజు బాత్‌రూమ్. దాని మీద నాకు పాత కడుపుమంట ఒకటుంది.

హైటెక్ సిటీ వైపు ఒక పెద్ద హోటల్‌కి ఇంటీరియర్స్ చేసిన కాంట్రాక్టరు దగ్గర నేను సైట్ సూపర్‌వైజర్‌ని. హోటల్ పేరు చెప్పను, ఇంకా ఈ ఫీల్డులోనే బతకాలి. ఇలాంటి హోటళ్లకి ముందు ఒక మాకప్ రూమ్ కడతారు. సోఫా గుడ్డ నుంచి స్విచ్ బోర్డు ఎత్తు దాకా అన్నీ అందులోనే తేల్చుకుని, ఆ తర్వాత మిగతా గదులు మొదలుపెడతారు. మా మాకప్ రూమ్ చూడటానికి రాని మనిషి లేడు. ఆర్కిటెక్టు వచ్చాడు, ముంబై నుంచి డిజైనరు వచ్చింది, ఓనరు వచ్చాడు, ఓనరు బావమరిది కూడా వచ్చి కర్టెన్ రంగు మార్పించి పోయాడు. అందరూ నిలబడి చూసినవాళ్లే. ఒక్కరూ రాత్రి పడుకుని చూడలేదు.

పడుకున్నది మా నాన్న.

హోటల్ తెరిచే ముందు ట్రయల్ స్టే అని పెడతారు. సిబ్బందినీ మాలాంటి వాళ్లనీ ఒక రాత్రి ఊరికే ఉండమని, ఏది పనిచేయట్లేదో ఫారంలో రాసిమ్మంటారు. నా వంతు వచ్చినప్పుడు సత్తెనపల్లి నుంచి అమ్మానాన్నలను రప్పించాను. వాళ్లిద్దరూ మంచం మీద, నేను సోఫాలో.

లోపలికి రాగానే అమ్మ, "ఇదేంట్రా, స్నానాల గదికి గోడ కట్టడం మర్చిపోయారా?" అంది. హోటల్ గదికి కిటికీ ఒక వైపే ఉంటుంది, బాత్‌రూమ్ కారిడార్ వైపు చీకట్లో పడుతుంది, గాజు పెడితే వెలుతురు లోపలిదాకా వెళ్తుంది, గది కూడా పెద్దగా కనిపిస్తుంది అని డిజైనర్ చెప్పిన పాఠం అప్పజెప్పాను. "కనిపిస్తోందిలే, అన్నీ కనిపిస్తున్నాయి" అని అల్మరాలో దుప్పటి తీసి అడ్డం కట్టబోయింది. కట్టడానికి ఒక్క మేకు లేదు. చివరికి షవర్ తలుపు మీద వేలాడదీసింది. నాన్న సమస్య వేరే. లుంగీ ఎక్కడ తగిలించాలో ఆయనకు తోచలేదు. అంత డబ్బు పోసిన గదిలో ఒక కొక్కెం లేదంటే నమ్మండి. కొక్కెం ఉంటే ఫొటోలో బాగుండదట!

రాత్రి రెండింటికి నాన్న లేచాడు. మంచం పక్కన ఎనిమిది బటన్ల ప్యానెల్. అక్షరాలు కూడా ప్యానెల్ రంగులోనే చెక్కి ఉంటాయి, పట్టపగలే కనపడవు. ఒకటి నొక్కితే మోటారు కర్టెన్లు మొత్తం తెరుచుకుని ఊళ్లో లైట్లన్నీ గదిలోకి వచ్చాయి. ఇంకోటి నొక్కితే సీలింగ్ అంచుల్లో దాచిన లైట్లతో సహా అన్నీ వెలిగి పెళ్లి పందిరి అయింది. మూడోసారికి అన్నీ ఆరిపోయాయి. "ఒరే, బల్బు స్విచ్ ఎక్కడుందో చెప్పి చావు" అని చీకట్లో ఒకటే కేక. ఆ ఫ్లోర్ మొత్తం ఆ ప్యానెళ్లు దగ్గరుండి బిగించింది నేనే. నిద్రమత్తులో నాకూ దొరకలేదు. సెల్‌ఫోన్ టార్చ్ వేసి బాత్‌రూమ్‌కి తీసుకెళ్లాను.

ఇంత తిట్టిన మనిషి పొద్దున ఏమన్నాడో తెలుసా? "నిద్ర మాత్రం బ్రహ్మాండంగా పట్టిందిరా." మీ ప్రశ్నకు అసలు జవాబు అదే. గది సుఖమంతా చీకటిలో, నిశ్శబ్దంలో, లైటు రంగులో ఉంటుంది. మిగతాదంతా ఫొటోల కోసం.

మన ఫ్లాట్లలో గదుల మధ్య నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కట్టి వదిలేస్తారు. మేము అక్కడ గది గదికీ మధ్య రెండు వైపులా రెండేసి జిప్సమ్ బోర్డులు వేసి, మధ్యలో శబ్దం దాటకుండా రాక్‌వూల్, అంటే రాతి పీచు, కూరాం. ఆ గోడ ఫాల్స్ సీలింగ్ దగ్గర ఆగదు, పైన స్లాబ్ దాకా వెళ్తుంది. ఆపేస్తే పక్క గదివాడి గురక సీలింగ్ మీదుగా మన మంచం మీదికి వచ్చేస్తుంది. తలుపు వేయగానే అడుగు నుంచి ఒక రబ్బరు పట్టీ దిగి సందు మూసేస్తుంది. మీ ఇంట్లో గోడలు మార్చలేకపోయినా ఆ పట్టీ వేయించుకోవచ్చు. కర్టెన్లకు రెండు పట్టాలు పెట్టించి, లోపలిది వెలుతురు రానివ్వని బ్లాకౌట్ గుడ్డ వేయించండి. పైన పట్టాను కప్పేలా పెల్మెట్ లేకపోతే పొద్దున ఆరింటికి వెలుతురు ఆ సందులోంచే దూరుతుంది.

ఇక లైట్లు. లైటు రంగుని కెల్విన్‌లో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ తెలుపు. మనవాళ్లు 6500 కెల్విన్ తెల్ల ట్యూబ్‌లైటు వేసుకుని బెడ్‌రూమ్‌ని మెడికల్ షాపులా చేస్తారు. హోటల్లో 2700 నుంచి 3000 మధ్య పసుపు లైటు వాడతారు, బల్బు కంటికి కనపడనివ్వరు. అంతే తేడా. వెనీర్ మీద పెట్టే డబ్బులో పావు వంతు పెట్టినా ఇవన్నీ అయిపోతాయి, రాసిపెట్టుకోండి.

ఇంకో మాట. హోటల్ లుక్ కోసమని మంచం పైన చార్మినార్ బ్లాక్ అండ్ వైట్ ఫొటో పెట్టకండి, దండం పెడతాను. హైదరాబాద్‌లో ప్రతి హోటల్‌కీ ఇదొక జబ్బు. సోమాజిగూడలో 2010లో తెరిచిన ది పార్క్ చూడండి. నిజాం నగల పనితనాన్ని తీసుకుని బిల్డింగ్ బయట చిల్లుల లోహపు తెరగా మార్చారు, అది ఆలోచనంటే. కోహెనూర్ పేరుతో కూడా ఇక్కడొక హోటల్ ఉందని చెబితే నాన్న, "ఆ రాయి మన కొల్లూరు గనిలోదంటారు కదరా, పేరు వీళ్లకెందుకు?" అని దారంతా అదే గొడవ.

నాన్న చెప్పినవన్నీ ఫారంలో రాశాను. స్థలం చాలక వెనక పేజీలో కూడా. రెండు నెలల తర్వాత ఆ గాజుకి లోపలి నుంచి బ్లైండ్లు వచ్చాయి, బాత్‌రూమ్ తలుపు వెనక ఒక కొక్కెం వచ్చింది. ప్యానెల్ మాత్రం ఇప్పటికీ అదే.