సూదులు, మాస్కులు ఒకే సంచిలోనా?

ప్రశ్న: కొవిడ్ సోకిన నాన్నగారికి ఇంట్లోనే సేవ చేస్తున్నాను. ఆయన మాస్కులు, టిష్యూలు, ఇన్సులిన్ సూదులు ఒకే సంచిలో వేస్తున్నాను. పరవాలేదా?

జవాబు: సూదుల్ని ఈ రోజే వేరుచేయమ్మా. నేను నర్సుగా ఉన్నప్పుడు చెత్త సంచి ఎత్తిన ఆయమ్మ తొడలో సూది దిగింది. ఆరు నెలలపాటు రక్తపరీక్షలకు ఆమె వెంట నేనూ వెళ్లాను. ఒక్కో ఫలితం వచ్చేదాకా ఆమె చేతులు వణికేవి.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకు, అప్పుడు చేతికి గుచ్చుకోవచ్చు. సూది దిగని గట్టి డబ్బాలో వేసి, ముప్పావు నిండగానే బిగించి, వైద్య వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించు. మాస్కులు, టిష్యూలు రెండు సంచుల్లో ముడివేసి, 72 గంటలు విడిగా ఉంచి పారెయ్యి. ముడి వేసేటప్పుడు సంచిని నొక్కి గాలి తీయకు, అది నీ ముఖానికే కొడుతుంది.