ముందు నాలా వెంట నడువు

చిరంజీవి అమ్ములుకి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన నాలుగు పేజీలూ చదివాను. కాలనీ సంఘాలు, బస్తీ కమిటీలు, తోపుడు బండ్లవాళ్లు, పొదుపు సంఘాల ఆడవాళ్లు అందరినీ కలిపి హైదరాబాద్ మొత్తానికి ఒకే వేదిక పెడతానన్నావు. బాగ్‌లింగంపల్లిలో హాలు కూడా మాట్లాడేశావట. అడ్వాన్స్ తిరిగిస్తారేమో కనుక్కో.

నీ ఉత్సాహం మీద నీళ్లు చల్లాలని కాదమ్మా. మన నగరంలో బస్తీల బాగు కోసం అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ప్రాజెక్టు 1967లో మొదలైంది, నేను ఎనభైల్లో చేరాను. అప్పట్నుంచి రిటైరయ్యేదాకా బస్తీల్లోనే తిరిగాను. ఇలాంటి హాలు మీటింగులు లెక్కలేనన్ని చూశాను. ఎవరి బాధ వాళ్లు చెప్పుకుంటారు, పక్కవాళ్ల బాధకి తలూపుతారు, పులిహోర పొట్లం తీసుకుని వెళ్లిపోతారు. మల్కాజిగిరిలో వీధి దీపం కోసం టోలిచౌకి ఆయన ఎన్నిసార్లని వస్తాడు?

మనుషుల్ని కలపాలంటే, వాళ్లకి ఇప్పటికే ఒకరితో ఒకరికి పని పెట్టినదేదో చూడు. ఈ ఊళ్లో అది నీళ్లు. హుస్సేన్‌సాగర్ నిండితే మిగులు నీళ్లు దోమల్‌గూడ, అశోక్‌నగర్, నల్లకుంట మీదుగా అంబర్‌పేట వైపు పోయి మూసీలో కలుస్తాయి. ఆ నీళ్లు పోయే నాలా, అంటే పెద్ద కాలువ, దాని పక్కన అపార్టుమెంట్లున్నాయి, రేకుల ఇళ్లూ ఉన్నాయి. ఎగువన ఎవరో పారేసిన పాత పరుపు దిగువన వంతెన దగ్గర అడ్డంపడుతుంది. ఒక ఒడ్డున గోడ లేపితే నీళ్లు ఎదుటి ఒడ్డు మీదికి ఎక్కుతాయి. 2000 ఆగస్టులోనూ, 2020 అక్టోబరులోనూ వాన దంచినప్పుడు ఈ సంగతి నగరమంతా చూసింది. నగరమంతా తర్వాత సంగతి, ముందు ఈ ఒక్క నాలా పట్టుకో.

మొదటి పని నడవడం. కాగితం, పెన్ను చాలు, బ్యానరు వద్దు. నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపించమని ప్రతి వంద గజాలకీ ఒకరిని అడుగు. వాళ్లు చూపించిన చోట సుద్దతో గీత గీసి తేదీ రాయి. ఇది పిచ్చిపనిలా అనిపిస్తుంది కానీ, నాలుగో అంతస్తులో ఉండే ఆయన సెల్లార్‌లో కారు మునిగిన గీతా, ఎదుటి బస్తీలో మంచం మునిగిన గీతా పక్కపక్కన పెట్టి చూపించు, ఆ ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెడతారు. మనం పది ఉపన్యాసాలిచ్చినా అంత పని జరగదు.

రెండు ఒడ్లూ రెండు డివిజన్లయితే, ఈ కార్పొరేటర్ ఆ కార్పొరేటర్ మీదికి తోస్తాడు. పూడిక జీహెచ్‌ఎంసీది, మురుగు లైను జలమండలిది, అక్కడా అదే ఆట. అందుకని రెండు ఒడ్లవాళ్లూ ఒకే కాగితంతో, ఒకే రోజు వెళ్లాలి. వెళ్లేముందు సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అడుగు: పోయిన ఏడాది ఎంత పూడిక తీశారు, ఎక్కడ పోశారు, ఎంత బిల్లు చెల్లించారు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. తీసిన పూడిక ఒడ్డునే కుప్పపోస్తే మొదటి వానకే మళ్లీ నాలాలో పడుతుందని బస్తీలో చిన్నపిల్లలకీ తెలుసు. ఆ తెలిసిన విషయం కాగితం మీదికి రావాలి, అంతే.

ఇక నేను ఎవరికీ పెద్దగా చెప్పని సంగతి ఒకటి రాస్తాను. 2000 వరద తర్వాత ఒక కాలనీ వాళ్లనీ, పక్క బస్తీ వాళ్లనీ కూర్చోబెట్టి అర్జీ రాయించాను. రాసింది కాలనీలో ఉండే ఒక పెద్దమనిషి. చక్కటి ఇంగ్లీషు. ‘నాలా ఆక్రమణలు తొలగించాలి’ అని అందులో ఒక వాక్యం ఉంది. అందరూ సంతకాలు పెట్టారు, నేనూ పెట్టాను. కొన్నాళ్లకి జేసీబీ వచ్చి బస్తీలో ఇరవై గుడిసెల దాకా తీసేసింది. నాలాలోకి నాలుగడుగులు జరిగిన బిల్డరు ప్రహరీ మాత్రం అలాగే ఉంది. నేను వెళ్లేసరికి ఒకామె గిన్నెలు ఏరుకుంటోంది. “మేడమ్, ఆ కాగితం మీద నా వేలిముద్ర కూడా ఉంది” అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

అప్పట్నుంచి నేను పెట్టుకున్న నియమం: ఏ కాగితమైనా తెలుగులో, ఉర్దూలో బయటికి చదివి వినిపించాకే సంతకం. ‘ఆక్రమణ’ లాంటి మాట వస్తే ఎవరి ఆక్రమణ, కొలత ఎంత, ఇల్లు పోయేవాళ్లకి ఎక్కడ ఇస్తారు, అవి కూడా అదే కాగితంలో ఉండాలి. బండ్లవాళ్ల విషయంలోనూ ఇంతే. నాలా శుభ్రం అనగానే ముందు నాలా మీద వేసిన స్లాబు మీది బండ్లనే లేపుతారు. సర్వే పూర్తి చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా లేపకూడదని 2014 వీధి వ్యాపారుల చట్టంలో ఉంది. వీధి వ్యాపారాల సంగతి చూసే వెండింగ్ కమిటీలో కనీసం నలభై శాతం వాళ్లే ఉండాలని కూడా ఉంది. ఇవి వాళ్లకి నువ్వు చెప్పి ఒప్పించాల్సిన సంగతులు కాదు, కాలనీ వాళ్లకి చెప్పాల్సినవి.

మీటింగు ఆదివారం పొద్దున పదకొండుకి అన్నావు. ఆ టైములో బస్తీ ఆడవాళ్లు మీ అపార్టుమెంట్లలోనే గిన్నెలు తోముతుంటారు! సాయంత్రం నాలుగు తర్వాత పెట్టు, బస్తీలోనే పెట్టు. కుర్చీలు సరిపోకపోతే అందరూ చాపల మీద కూర్చోండి. పని చేయించుకునే ఆమె కుర్చీలో, పనిచేసే ఆమె కింద, అలా మాత్రం వద్దు. మొదట బస్తీ ఆడవాళ్లనే మాట్లాడనివ్వు. సార్లకి మైకు దొరికితే ఇంకెవరికీ రాదు. డబ్బు మాటకొస్తే ఇంటికి పది రూపాయలు చాలు, బిల్డర్ల స్పాన్సర్‌షిప్ ముట్టుకోవద్దు.

వాట్సాప్ గ్రూపు నీ ఇష్టం. గుడ్ మార్నింగ్ బొమ్మలు భరించగలిగితే పెట్టుకో.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి దోమల్‌గూడ దగ్గర ఉంటాను. మోకాళ్లు సహకరిస్తే నల్లకుంట దాకా నీతో నడుస్తా, లేకపోతే మధ్యలో ఆటో ఎక్కుతా. చెప్పులు వద్దు, బూట్లు వేసుకుని రా. సుద్దముక్కలు నేను తెస్తాను.

ప్రేమతో,
అత్తయ్య